ముఖం చూసి నిలబెట్టిన వరుస

మా వీధిలో ఈమధ్య ఒక ఆడపిల్లకు, ఒక మగపిల్లవాడికి కానిస్టేబుల్ ఉద్యోగాలు వచ్చాయి. ట్రెయినింగుకు పోయే ముందు ఇద్దరూ కలిసి మా ఇంటికి వచ్చారు. "పెద్దబాపూ, మీ సర్వీసుల అన్నిటికన్న పెద్ద కేసు ఏంది, జర చెప్పుండ్రి" అని కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు. ఏ హత్య కేసో, బ్యాంకు దోపిడీయో చెబుతాననుకున్నట్టున్నారు. నేను చెప్పింది విన్నాక ముఖాలు కొంచెం చిన్నబోయాయి. అందులో పరుగులు లేవు, తుపాకీ లేదు, చివరికి దొంగ కూడా లేడు. అయినా ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో నేను మరిచిపోలేని కేసు అదే. వాళ్లకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. ఖాకీ తొడుక్కునేవాళ్లకు ఎక్కడైనా పనికొస్తే సంతోషం.

వరంగల్‌లో నా చివరి పన్నెండేళ్లు స్పెషల్ బ్రాంచిలో, పాస్‌పోర్టు వెరిఫికేషన్ పనిలో గడిచాయి. దరఖాస్తు పెట్టుకున్న మనిషి ఇంటికి పోవాలి, కాగితాలు చూడాలి, పక్కింటివాళ్లను ఇద్దరిని అడగాలి, రిపోర్టు రాయాలి. అలా గడపలు తిరిగి తిరిగి నాకొక పేరు వచ్చింది. మనిషిని చూడగానే ఏ దిక్కువాడో చెప్పేస్తాడని. చాయ్ హోటల్ దగ్గర నిలబడితే మావాళ్లు పరీక్ష పెట్టేవారు. "అగో ఆయనది ఎక్కడ సార్?" అంటే, తువ్వాల వేసుకున్న తీరు చూసి నర్సంపేట దిక్కు అనేవాణ్ని. చెప్పులకంటిన మట్టి చూసి పరకాల అనేవాణ్ని. పోయి అడిగి వచ్చేవారు. పదిలో ఏడెనిమిది సరిపోయేవి. సరిపోని రెండు మూడింటిని ఎవరూ లెక్కపెట్టేవారు కాదు. నేనైతే అసలే పెట్టేవాణ్ని కాదు.

రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలున్నాయనగా పైనుంచి ఆదేశాలు వచ్చాయి. అనుమతి లేకుండా సరిహద్దు దాటి వచ్చి ఉంటున్నవాళ్లను గుర్తించాలి, వివరాలు తేలేదాకా ఒకచోట ఉంచాలి, తేలకపోతే సరిహద్దు అవతలికి పంపడానికి పై అధికారులకు అప్పగించాలి. ఆ రోజుల్లో టీవీ పెడితే అదే చర్చ. దేశమంటే గేటు లేని తోటా అని ఒకాయన అరిచేవాడు, పేదవాడు కనబడితే చాలు పరదేశి అంటారా అని ఇంకొకాయన అరిచేవాడు. మా స్టేషన్‌లోనూ ఆ రెండు పార్టీలుండేవి. నేను గేటు పార్టీ. ఇప్పటికీ అదే పార్టీ. ఇంట్లో ఎవరున్నారో ఇంటివాడికి తెలియాలని ఇవాళ కూడా అంటాను. గేటు దగ్గర నిలబడ్డవాడు ఏం చూసి ఆపుతున్నాడనే ప్రశ్న మాత్రం అప్పటిదాకా నాకెప్పుడూ తట్టలేదు. నిలబడ్డది నేనే కదా.

మా సీఐ గారు నాకంటే ఇరవై ఏళ్లు చిన్న. చదువుకున్నవాడు, గొంతు పెంచని మనిషి. నలుగురిలో ఏఎస్సై గారూ అనేవాడు, మేమిద్దరమే ఉంటే కాకా అనేవాడు. ఆయన నన్ను వెంటబెట్టుకుని, నర్సంపేట రోడ్డులో కడుతున్న ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంటు దగ్గరికి తీసుకుపోయాడు. పొద్దున పది గంటలు. నలభై మంది దాకా పనివాళ్లు. ఒడిశావాళ్లున్నారు, బీహార్‌వాళ్లున్నారు, బెంగాల్‌వాళ్లున్నారు. అందరినీ ఒక వరుసలో నిలబెట్టించి సీఐ గారు నావైపు తిరిగాడు.

"కాకా, మీకు చూడంగనే తెలుస్తది కద. మీరు ఒకసారి చూడుండ్రి."

నేను చూశాను. చేతిలో పెన్ను పట్టుకుని వరుస వెంట నడిచాను. లుంగీ కట్టిన తీరు, గడ్డం, పక్కవాడితో గొణుక్కున్న మాట యాస. "నువ్వు ఇటు రా. నువ్వు ఇటు." పెన్ను ఎవరి మీదికి పోతే వాళ్లు పక్కకు వచ్చారు. పది నిమిషాల్లో ఏడుగురయ్యారు. ఒక్క కాగితం అడగలేదు. ఒక్క ప్రశ్న వేయలేదు. సైటు సూపర్‌వైజరు వారం కిందే వచ్చినవాడు, వేరే రాష్ట్రం మనిషి. ఏడుగురు పోతే స్లాబు ఆగిపోతుందన్న దిగులే తప్ప ఆయనకు వాళ్ల సంగతులేమీ తెలియవు. రోడ్డుకు అవతల చాయ్ హోటల్ ఉంది. వాళ్లు మా బండి ఎక్కుతుంటే అక్కడి జనం ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. ఒకరిద్దరు నవ్వారు కూడా. నేను ముందు సీట్లో కూర్చుని, రిటైరయ్యే ముందు మంచి పనే దొరికిందనుకున్నాను. ఉన్నమాట చెబుతున్నాను.

స్టేషన్ పక్కన ఒక కమ్యూనిటీ హాలు ఉంటే అందులో కూర్చోబెట్టాం. మా కానిస్టేబుల్ ఒకతను ఫారం పట్టుకుని పేర్లు, తండ్రి పేర్లు రాసుకున్నాడు. ఊరి పేర్లు పలకడం కష్టంగా ఉండడంతో, తరువాత రాద్దామని ఆ గడి ఖాళీగా వదిలేశాడు. మాట్లాడే భాష అన్న గడిలో మొదటి మనిషికి బెంగాలీ అని రాసి, కింద ఆరుగురికీ 'పైదే' అన్న గుర్తు పెట్టుకుంటూ పోయాడు. ఆ గుర్తులు నిలువునా ఒకదాని కింద ఒకటి చీమల బారులా ఉన్నాయి. కింద సంతకం చేసింది నేనే.

మధ్యాహ్నం భోజనాలు వచ్చాయి. వడ్డించడానికి మా మహిళా కానిస్టేబుల్ వచ్చింది. కాజీపేట రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన పిల్ల. చురుకైనది, కళ్లు ఒకచోట నిలవవు. పక్కనే మా హెడ్ కానిస్టేబుల్ పప్పు గిన్నెలో గరిటె తిప్పుతూ, "గీ పప్పుల పప్పు యాడున్నదో, దానికి గూడ వెరిఫికేషన్ చెయ్యాలె" అన్నాడు. ఏడుగురిలో ఒకతను తలవంచుకుని నవ్వాపుకున్నాడు. నలభై ఐదేళ్లుంటాయి. గట్టి చేతులు, నెరుస్తున్న గడ్డం.

ఆ పిల్ల గరిటె పక్కన పెట్టి అతని ముందు కూర్చుంది.

"అన్నా, నీకు తెలుగొస్తదా?"

అతను కాసేపు ఆమెను చూశాడు. "మాది పరకాల దిక్కే చెల్లె" అన్నాడు.

ఆమె పరుగున వచ్చి నాకు చెబితే నమ్మలేదు. హాల్లోకి పోయాను. "ఏయ్, తెలుగొచ్చినోనివి సైటు కాడ ఎందుకు చెప్పలే?" అని గద్దించాను.

"మీరు అడగలే సార్."

"ఆధార్ ఉన్నదా?"

"జేబులనే ఉన్నది" అని చొక్కా జేబులోంచి తీసి ఇచ్చాడు. పరకాలకు ఆరేడు కిలోమీటర్ల దూరంలోని ఊరు. ఆ ఊళ్లో నేను ఐదారు పాస్‌పోర్టులకు ఎంక్వైరీ చేశాను. మసీదు పక్క సందులో చాయ్ కూడా తాగాను. తాతల కాలం నుంచి అక్కడే ఉంటున్న ముస్లిం కుటుంబం అతనిది. తండ్రి ఎడ్లబండ్ల చక్రాలకు పట్టాలు వేసేవాడు. ఇతను మేస్త్రి పని నేర్చుకుని, బెంగాల్ నుంచి వచ్చేవాళ్లతో ఒక జట్టు కట్టుకున్నాడు. పదేళ్లుగా వాళ్లతోనే పని, వాళ్లతోనే తిండి. వాళ్ల మాట నోటికి పట్టుబడింది. కడుతున్న స్లాబు పక్కన వాళ్లతో వాళ్ల మాటలో ఏదో చెబుతుండగా నా పెన్ను అతని మీదికి పోయింది. చెప్పుల మట్టి చూసి పరకాల మనిషని చెప్పగలిగినవాణ్ని నేను.

అప్పటిదాకా ఏయ్ అన్నవాణ్ని, "భాయ్, గిది చూపిస్తే అక్కడ్నే వదిలేద్దుము కద" అన్నాను.

"అందుకే చూపియ్యలే సార్. నన్నొక్కన్ని వదిలేద్దురు. వీళ్లకు తెలుగు రాదు, మీకు వీళ్ల మాట రాదు. నడుమ మాట్లాడెటోడు ఒకడుండాలె కద. వీళ్లను ఇంత దూరం తెచ్చిన మేస్త్రిని నేను. కాజీపేటల రైలు దిగంగనే ముందుగాల నా మొఖమే చూస్తరు."

అని, మిగతావాళ్లతో ఏదో అన్నాడు. వాళ్లు కూడా జేబుల్లోంచి కార్డులు తీశారు. కొందరివి మడతలు పడ్డాయి, ఒకటి సగం చినిగింది. పొద్దుటి నుంచీ అవి వాళ్ల గుండెల మీదే ఉన్నాయి.

సీఐ గారు వచ్చి, విషయం తెలుసుకుని, మేస్త్రిని వెళ్లిపొమ్మన్నాడు. అతను కదలలేదు. "నేను పోను సార్. వీళ్ల సంగతి తేలినంక అందరం ఒక్కసారే పోతం."

"పట్టుకొస్తె మాట్లాడవు, పొమ్మంటె పోవు. నీతోని మంచిగనే ఉన్నదయ్యా" అని సీఐ గారు నవ్వాపుకుంటూ నావైపు చూశాడు. నాకు నవ్వు రాలేదు. మేస్త్రి ఇంటికి ఫోన్ చేసి చెప్పి అక్కడే ఉండిపోయాడు.

కార్డులున్నంత మాత్రాన అయిపోలేదు. దొంగ కార్డులు కూడా ఉంటాయి కాబట్టి సొంత ఊళ్లలో అడగాలన్నది రూలు. అది సరైన రూలే. ఆ పని నాకే అప్పగించారు. ఈసారి కుర్చీ వేసుకుని, ఫారంలో ఖాళీగా ఉన్న గడి దగ్గర మొదలుపెట్టాను. నేను తెలుగులో అడిగితే మేస్త్రి వాళ్ల మాటలో అడిగేవాడు. రెండు రోజుల్లో ఐదుగురి సంగతి తేలిపోయింది. అక్కడి పోలీసులు పలికారు, పంచాయతీవాళ్లు పలికారు. ఒకతని తల్లి వీడియోలోకి వచ్చి, పోలీసుల మధ్య కొడుకును చూసి భయపడుతుందనుకుంటే, నువ్వెందుకిట్లా చిక్కిపోయావని తిట్టడం మొదలుపెట్టింది. మేస్త్రి తెలుగులో చెబుతూనే ఉన్నాడు. "సరిగ తింటలేవంటాంది. తలకు నూనె పెట్టుకోమంటాంది. గిది గూడ రాసుకుంటరా సార్?" మహిళా కానిస్టేబుల్ నవ్వాపుకోలేక బయటికి పోయింది.

ఆరో మనిషి దగ్గర ఆగిపోయాం. ఆయన అరవై దాటినవాడు, ఇనుప రాడ్లు వంచి కట్టే పని. చినిగిన కార్డు ఆయనదే. మాట్లాడడం తక్కువ. హాల్లో కూడా ఒక మూల, గోడకు వీపు ఆనించకుండా కూర్చునేవాడు. బెంగాల్‌లో మాల్దా దగ్గర గంగ ఒడ్డున ఏదో ఊరు చెప్పాడు. అక్కడి స్టేషన్‌కు ఫోన్ చేస్తే, ఆ పేరుతో ఇక్కడ ఊరు లేదన్నారు. మళ్లీ పలికి చెప్పాను. లేదన్నారు. ఊరి పేరు తప్పయితే ఏమంటాం? చిరునామా అబద్ధమని రిపోర్టులో రాసేశాను. ఆయనను పై అధికారులకు అప్పగించడానికి ఆ ఒక్క వాక్యం చాలు.

నేను రాసింది మేస్త్రి పక్కనుంచి చదివాడు. ఆ రెండు రోజుల్లో అతని గొంతు గట్టిగా వినబడింది అప్పుడొక్కసారే.

"పెద్దాయన అబద్ధమాడిండని రాసిండ్రా సార్?"

"ఊరే లేదంటాండ్రు భాయ్. నన్నేం చేయమంటవు?"

"ఇప్పుడు లేదు. గంగల కూలింది. ఒడ్డు కోసుకపోయి ఇండ్లన్ని నీళ్లల్ల పడ్డయట. మీరు ఊరున్నదా అని అడిగిండ్రు. ఉండెనా అని అడుగలే."

నేను రిపోర్టు మూసి ఇంటికి వచ్చాను. మర్నాడు పొద్దున చాయ్ తాగుతూ మా ఆవిడతో ఈ సంగతి అన్నాను. ఆమెకు నా ఉద్యోగం మాటలు పెద్దగా పట్టవు. ఆ రోజు మాత్రం చేతిలో కప్పు కింద పెట్టింది. ఆమె పుట్టిన ఊరు ఒక రిజర్వాయరు కింద పోయింది. ఎండాకాలం నీళ్లు తగ్గితే వాళ్ల బడి గోడ కనబడుతుంది, అంతే. ఆమె పదో తరగతి సర్టిఫికెట్ మీద, మా పెళ్లి కార్డు మీద ఆ ఊరి పేరే ఉంది.

"మా ఊరు గూడ లేదు కద" అంది. "మరి నేను గూడ అబద్ధమేనా?"

ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగింది. చాయ్ సగంలో వదిలేసి స్టేషన్‌కు పోయాను.

సీఐ గారితో ఆ పొద్దున చాలాసేపు మాట్లాడాను. ఇంకా రెండు రోజులు టైం కావాలన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"కాకా, ప్రతోడు మా ఊరు నీళ్లల్ల పోయిందని చెప్తే మనం ఊకుంటమా? ఇట్ల వదులుకుంట పోతే ఇగ బోర్డర్ ఎందుకు, మనమెందుకు?"

"వదలమంటలేను సార్. చూడమంటాన్న. నేను చూడకుంట వదిలినోడు ఒకడున్నడు, మీకు చెప్పలే."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. నేను చెప్పాను. పాస్‌పోర్టుల పనిలో చేరిన కొత్తలో ఒక ఇంటికి పోయాను. పాలరాతి నేల, సోఫాలు, తెల్లటి బట్టల్లో మర్యాదస్తుడు. వెండి పళ్లెంలో చాయ్ వచ్చింది. ఇంత పెద్దమనిషిని కాగితాలు అడిగితే బాగుండదని పైపైన చూసి సరే రాసేశాను. పక్కింట్లో అడగనే లేదు. ఏడాది తరువాత తెలిసింది, పుట్టిన సర్టిఫికెట్ దొంగది, ఇంకొకరి పేరుతో దేశం దాటిపోయాడని. నాకు మెమో ఇచ్చారు, సంజాయిషీ రాసిచ్చి బయటపడ్డాను.

"ఆయన్ను మొఖం చూసి వదిలిన. వీళ్లను మొఖం చూసి పట్టుకున్న. రెండుసార్లు పెట్టిన సంతకం ఒక్కటే సార్" అన్నాను.

సీఐ గారు ఫోన్ నావైపు జరిపి, "ఎవరికి చేస్తరో చేయుండ్రి" అన్నాడు.

ఈసారి పోలీస్ స్టేషన్‌కు కాకుండా అక్కడి బ్లాకు ఆఫీసుకు చేశాను. మన మండల ఆఫీసు లాంటిది. హిందీలో, నది కోసుకుపోయిన ఊళ్ల లిస్టు ఏమైనా ఉందా అని అడిగాను. అవతలి గుమస్తా, ఇంత సులభమైన ప్రశ్నా అన్నట్టు, ఉందన్నాడు. ఒకటి కాదు, చాలా ఊళ్లున్నాయన్నాడు. సాయంత్రానికి ఒక పేజీ ఫొటో తీసి పంపాడు. అంతా బెంగాలీ లిపి. మేస్త్రికి వాళ్ల మాట వచ్చుగానీ ఆ లిపి చదవడం రాదు. మిగతావాళ్లతో చదివిస్తే వాళ్ల మాట మీదే వాళ్లను వదిలారంటారు. అప్పుడు మహిళా కానిస్టేబుల్ చెప్పింది, కాజీపేటలో వాళ్ల పక్క క్వార్టర్లో ఉండిన ఒక బెంగాలీ రైల్వే గార్డు గారు రిటైరై అక్కడే ఇల్లు కట్టుకున్నారని.

మర్నాడు ఆయన స్కూటర్ మీద వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, జేబులో కళ్లజోడు. సీఐ గారు లేచి నిలబడ్డాడు. ఎవరో కుర్చీ తెచ్చారు, ఎవరో చాయ్ తెచ్చారు. నేను ఆయన పేరు కూడా అడగలేదు. ఆయన కళ్లజోడు పెట్టుకుని పేజీ వెంట వేలు పోనిచ్చి ఒకచోట ఆపాడు. ఇల్లు నదిలో కూలినవాళ్ల పట్టిక అది. పెద్దాయన పేరు, ఆయన తండ్రి పేరు, ఇంటి నంబరు. చినిగిన కార్డు మీద ఉన్నవి అవే.

గార్డు గారు పెద్దాయనను పిలిపించి మాట్లాడాడు. మాకు అర్థం కాలేదు. మూడు రోజులుగా పది మాటలు మాట్లాడని మనిషి ఆగకుండా చెబుతూ పోయాడు. చేతులతో చూపిస్తున్నాడు. ఇక్కడ ఇల్లు, ఇక్కడ మామిడిచెట్టు, అదిగో అక్కడికి వచ్చాయి నీళ్లు. గార్డు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని మావైపు తిరిగాడు. ఆయన తెలుగులో ఇప్పటికీ కొంచెం గుండ్రటి పలుకుంది.

"నేను కాజీపేటకొచ్చి నలభై ఏండ్లయింది. నా తెలుగు విని ఇప్పటికి నవ్వుతరు. గని, మీది ఏ దేశమని ఒక్కరు అడుగలే. ఈయన మాట, నా మాట ఒక్కటే."

చాయ్ తాగి, పెద్దాయన భుజం మీద చేయి వేసి, స్కూటర్ ఎక్కి పోయాడు. ఆ కుర్చీ అక్కడే ఉంది. మూడు రోజులుగా ఆ ఏడుగురూ చాపల మీద ఉన్నారన్న సంగతి నాకు అప్పుడు కనబడింది.

సాయంత్రం బ్లాకు ఆఫీసు నుంచి అధికారికంగా ఉత్తరం కూడా వచ్చింది. నా పాత వాక్యం కొట్టేసి కొత్తది రాశాను. ఫారం కూడా మళ్లీ రాశాను. ఏడు వరుసల్లో ఏడు ఊళ్లు విడివిడిగా రాశాను. 'పైదే' అన్న గుర్తు ఒక్కటి కూడా పెట్టలేదు.

ఆ తరువాత సంగతి ఒకటి ముందే చెప్పేస్తాను, చివర్లో చెబుదామంటే మరిచిపోతాను. సీఐ గారు ఆ వారంలోనే పద్ధతి మార్చాడు. ఏ సైటుకు పోయినా ఎవరినీ విడదీయకూడదు, ఇంజనీరు దగ్గర మొదలుపెట్టి అందరి కాగితాలూ అడగాలి, అడిగింది రాయాలి. ఆ పద్ధతిలో పోయిన మొదటి సైటులో పనివాళ్లందరి దగ్గరా కార్డులున్నాయి. ఇంజనీరు గారిదే ఇంట్లో ఉండిపోయింది. ఆయనను పంపించి తెప్పించాం. ఎండలో మోటారు సైకిల్ మీద పోయి వచ్చాడు పాపం. పనివాళ్లు వరుసలో నిలబడి ఆయన కోసం ఓపికగా ఎదురుచూశారు. నేను రిటైరయ్యేదాకా అదే పద్ధతి నడిచింది. ఇప్పటికీ నడుస్తోందని విన్నాను. నా సర్వీసులో నా చేతుల మీదుగా మంచి జరిగిందని చెప్పుకోదగ్గది అది. అది కూడా నా తప్పులోంచి వచ్చింది.

ఇక ఆ ఏడుగురి దగ్గరికి వస్తాను. మర్నాడు పొద్దున, మీరు వెళ్లొచ్చు అని చెప్పాం. ఎవరూ లేవలేదు. మేస్త్రి ఫోన్ పట్టుకుని ఉన్నాడు. కాంట్రాక్టర్ వాళ్లను పనిలోకి రావద్దన్నాడట. పోలీసులు తీసుకుపోయినవాళ్లను పెట్టుకుంటే తనకు పేచీ వస్తుందట. వాళ్లుండే రేకుల గదుల యజమాని మూటలు బయట పెట్టించాడట.

"నేను ఫోన్ల చెప్తా" అన్నాడు సీఐ గారు.

"ఫోన్ల చెప్తే ఆయన ఒక్కడే ఇంటడు సార్" అన్నాడు మేస్త్రి. "తీస్కపోయేటప్పుడు రోడ్డు మీద అందరు చూసిండ్రు. ఫొటోలు తీసిండ్రు. తెచ్చి దింపేటప్పుడు గూడ అందరు చూడాలె."

"అంటే ఏంది, మేమొచ్చి అక్కడ క్షమాపణ చెప్పాల్నా?"

"క్షమాపణ వద్దు సార్. బండి చాలు. గదే బండి, గదే టైము."

నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ మనుషులను బండిలో ఎక్కించి తేవడమే తెలుసు. తిరిగి దించి రావడమనే పని ఎవరూ నేర్పలేదు. అలా అడిగినవాడు కూడా లేడు. సీఐ గారు టేబుల్ మీద వేళ్లు ఆడించాడు.

"కాకా, నిలబెట్టింది మీరు" అన్నాడు. "దింపుడు గూడ మీదే. తీస్కపొండి."

పది గంటలకు బయలుదేరాం. మహిళా కానిస్టేబుల్ కూడా వస్తానంది. ఈసారి పెద్దాయనను ముందు సీట్లో కూర్చోబెట్టి నేను వెనక మిగతావాళ్ల మధ్య కూర్చున్నాను. ఆ బండి వెనక బెంచీ అంత ఇరుకని నాకు అప్పటిదాకా తెలియదు. మోకాళ్లు ఎదుటివాళ్ల మోకాళ్లకు తగులుతున్నాయి. దొంగల కోసం పోయినప్పుడు కూడా నేను అంత భయపడలేదు.

సైటు గేటు దగ్గర కాకుండా చాయ్ హోటల్ ముందు ఆపమన్నాను. దిగి, వెనక తలుపు నేనే పట్టుకున్నాను. ఒక్కొక్కరే దిగారు. హోటల్ దగ్గర కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. మళ్లీ ఫోన్లు పైకి లేచాయి. ఈసారి నేను తల తిప్పుకోలేదు. అవతలి నుంచి కాంట్రాక్టర్ వచ్చాడు, సూపర్‌వైజరు వచ్చాడు, రేకుల గదుల యజమాని కూడా వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఈ ఏడుగురి కాగితాలు అన్ని చూసినం" అన్నాను, అందరికీ వినబడేటట్టు. "అందరు మన దేశపోళ్లే. వీళ్ల మీద ఏ కేసు లేదు. మొన్నటిదాకా మీ దగ్గర ఎట్ల ఉన్నరో ఇప్పుడు గట్లనే ఉంటరు. ఎవరికన్న అనుమానముంటే నన్ను అడగాలె, వీళ్లను కాదు."

కాంట్రాక్టర్ తల గోక్కుంటూ, "గట్లనే సార్, మనోళ్లే కద, స్లాబు గూడ ఆగింది" అన్నాడు. గదుల యజమాని తాళంచెవి తీసి మేస్త్రి చేతిలో పెట్టాడు.

నేను ఎనిమిది చాయ్‌లు చెప్పి, మా కానిస్టేబుల్ పిల్లను చూసి తొమ్మిది అన్నాను. హోటల్ నడిపేది ఒక పెద్దామె. గ్లాసులు బెంచీ మీద పెట్టుకుంటూ వచ్చి నా ముందు ఆగింది. ఆ రోజు ఆమె అక్కడే ఉంది, అన్నీ చూసింది.

"మరి ఏం లేకపాయె, ఎందుకు తీస్కపోయిండ్రు సార్?"

ఎంక్వైరీ అనవచ్చు. రూల్స్ అమ్మా అనవచ్చు. పైనుంచి ఆర్డర్ అనవచ్చు. ముప్పై నాలుగేళ్లలో ఆ మూడు మాటలూ నేను ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు. నోటి దాకా వచ్చాయి కూడా. ఆమె ఇంకా నిలబడే ఉంది. ఏడుగురూ గ్లాసులు పట్టుకుని నావైపే చూస్తున్నారు. తెలుగు రానివాళ్లకు కూడా ఆ ప్రశ్న అర్థమైనట్టుంది.

"మొఖం చూసి తీస్కపోయిన అమ్మా" అన్నాను. "తప్పు నాదే."

మేస్త్రి మెల్లగా ఆ మాటను వాళ్ల భాషలోకి మార్చి చెప్పాడు. పెద్దాయన తల ఊపి, బెంచీ మీద కొంచెం పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు. కూర్చున్నాను.

"చల్లారుతాంది సార్" అన్నాడు మేస్త్రి. "తాగుండ్రి."